హైమావతి అడిగిన జాబితా

హైమావతి పంతులమ్మ ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. తొమ్మిదో తరగతికి తెలుగు చెబుతుంది. పాఠాలు ఎలాగో గట్టెక్కుతున్నాయి గానీ, శనివారం లైబ్రరీ పీరియడ్ వచ్చేసరికి ఆమె ప్రాణం ఉసూరుమంటోంది.

తను కన్నీళ్లు పెట్టుకుంటూ చదివిన పెద్ద పెద్ద నవలలన్నీ ఏరికోరి తెచ్చి పిల్లల చేతుల్లో పెట్టింది. వారం తిరిగేసరికి అవన్నీ పేజీ నలగకుండా వెనక్కి వచ్చేశాయి.

దానికి తోడు ఇంకొకటి జరిగింది. వెనక బెంచీలో గౌరీశ్వరి అనే పిల్ల, అట్ట ఊడిపోయిన దెయ్యాల కథల పుస్తకం ఒళ్లో పెట్టుకుని చదువుతోంది. హైమ దాన్ని తీసుకుని అందరికీ కనిపించేలా పైకెత్తి, "ఇదా నువ్వు చదివేది?" అంది. తరగతంతా గొల్లుమంది. పుస్తకం అప్పుడే తిరిగిచ్చేసింది. కానీ ఆ పిల్ల మళ్లీ దాన్ని తెరవలేదు. మూడు శనివారాలుగా చేతులు కట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటోంది. ఏ పుస్తకం చూపించినా "వద్దు టీచర్" అంటుంది. అంతకు మించి ఒక్క మాట లేదు.

ఆదివారం పొద్దున్నే హైమ బస్సెక్కి పార్వతీపురంలో సింహాద్రి మాస్టారింటికి వెళ్లింది.

ఆమెకు హైస్కూల్లో తెలుగు చెప్పింది ఆయనే. రిటైరయ్యారు గానీ, ఇంటి ముందుగదిలో పిల్లల కోసం ముప్ఫై ఏళ్లుగా నడుపుతున్న పుస్తకాల గదిని మాత్రం వదల్లేదు. హైమ సగం బాల్యం ఆ గదిలోనే గడిచింది. "టెన్త్ సెలవుల్లో మా మాస్టారు ఒక లావుపాటి నవల ఇచ్చారు. నన్ను మనిషిని చేసింది అదే" అని ఎక్కడికెళ్లినా గొప్పగా చెప్పుకుంటుంది.

మాస్టారు చాపమీద కూర్చుని, ఉడికించిన మైదా జిగురుతో చిరిగిన పుస్తకాలు అతికిస్తున్నారు.

"ఏటమ్మా, మొహం అలా వేలాడేశావు?"

హైమ అంతా చెప్పింది. గౌరీశ్వరి సంగతి మాత్రం తల దించుకుని చెప్పింది. చెప్పి, సంచిలోంచి కొత్త నోటుబుక్కు, పెన్ను తీసి ఆయన ముందు పెట్టింది.

"ఆ వయసు పిల్లలు ఏవి చదవాలో మీరే ఒక జాబితా రాసివ్వండి మాస్టారూ. చెత్త మాన్పించి మంచివి అలవాటు చేస్తాను."

మాస్టారు చేతులు తుడుచుకుని, స్టూలెక్కి, అటకమీంచి ఒక పాత రిజిస్టరు దించారు. దుమ్ము దులిపి, పేజీలు తిప్పి, ఒకచోట ఆగి ఆమె ఒళ్లో పెట్టారు.

"సరిగ్గా అక్కణ్ణించి చదువు. పైకి చదువు."

"జూలై నాలుగు. బి. హైమావతి, ఎనిమిదో తరగతి. పుస్తకం, బుజ్జేనుగు సంతకెళ్లింది..." హైమ ఫక్కున నవ్వింది. "ఇది ఒకటో తరగతి పిల్లల బొమ్మల పుస్తకం కదా మాస్టారూ! నేనెందుకు తీసుకున్నాను?"

"చదువు."

"జూలై పదకొండు. బి. హైమావతి. బుజ్జేనుగు... జూలై పద్దెనిమిది. బి. హైమావతి..."

నాలుగో వరసకి నవ్వు ఆగింది. ఆరో వరసకి గొంతు తగ్గింది. ఆ తర్వాత ఆమె పైకి చదవలేదు, పేర్ల మీద వేలు జరుపుకుంటూ పోయింది. వానాకాలమంతా, దీపావళి దాకా, అదే పుస్తకం. ప్రతి తేదీ పక్కనా వంకరటింకరగా తన సంతకం.

ఆ ఏడు జూన్‌లో వాళ్లమ్మ పోయింది.

పదహారు పేజీల పుస్తకం అది. సంతలో జనం మధ్య ఏనుగుపిల్ల తప్పిపోతుంది. చివరి పేజీలో తల్లి ఏనుగు వచ్చి తొండంతో దగ్గరికి తీసుకుంటుంది. అలమరాకీ గోడకీ మధ్య సందులో ఒదిగి కూర్చుని చదివేది హైమ. ఆ పుస్తకం ఎప్పుడూ కింది అరలో, కూర్చున్న చోటికి చెయ్యి అందేలా ఉండేది. మిగతా బొమ్మల పుస్తకాలన్నీ పై అరలో ఉండేవి. అదొక్కటే కింద ఎందుకుండేదో ఆమె ఇన్నేళ్లలో ఒక్కసారీ ఆలోచించలేదు.

సంతకాలు లెక్కపెట్టి తలెత్తింది.

"పదిహేడు సార్లు, మాస్టారూ."

"ఊఁ."

"ఇన్ని మంచి పుస్తకాలున్నాయి కదా ఇక్కడ. అది వదిలేసి ఇది చదవమని ఒక్కసారైనా నాకెందుకు చెప్పలేదు?"

మాస్టారు జిగురు రాసిన పుస్తకం వెన్నుని బొటనవేలితో మెల్లగా అదిమారు.

"నువ్వు చదువుతున్నావు కదమ్మా" అన్నారు.

మళ్లీ శనివారం లైబ్రరీ పీరియడ్‌లో హైమ వెళ్లి వెనక బెంచీలో గౌరీశ్వరి పక్కన కూర్చుంది. ఆ పిల్ల బిక్కచచ్చి గోడవైపు జరిగింది.

"ఆ రోజు అందరిచేతా నవ్వించాను. తప్పు నాదే గౌరీ."

గౌరీశ్వరి కిటికీలోంచి చూపు తిప్పలేదు.

హైమ నెమ్మదిగా అడిగింది. "అందులో నీకు ఏ దెయ్యమంటే ఇష్టం?"

ఎగతాళేమోనని ఆ పిల్ల ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. చాలాసేపు చూసింది.

"బావిలో ఉంటాదే, అది టీచర్."

"అదేం చేస్తుంది?"

"ఏమీ చెయ్యదు. నీళ్లకొచ్చినోళ్లని పలకరిస్తాది. వాళ్లేమో బిందెలొదిలేసి పారిపోతారు..."

"అయ్యో. అప్పుడు?"

గౌరీశ్వరి కట్టుకున్న చేతులు విప్పింది. "అప్పుడేటయిందంటే టీచర్..." అంటూ ఇటు తిరిగి కూర్చుంది.

గంట కొట్టారు. పిల్లలు సంచులు సర్దుకుని వెళ్లిపోతున్నారు. గౌరీశ్వరి చెప్పడం ఆపలేదు. హైమ లేవలేదు.