కళాయి వీధిలో ఆరిన కొలుములు

పిల్లలూ, ఒక మాట అడుగుతాను, ఆలోచించి చెప్పండి. వంట గిన్నెకు ఏడాదికి రెండుసార్లు లోపల కొత్త పూత వేయించకపోతే, అందులో వండిన పులుసు విషమైపోయే రోజులు ఉండేవంటే నమ్ముతారా?

నమ్మరు కదూ! మీరు పుట్టేసరికే ఇంటినిండా స్టీలు గిన్నెలు. మా చిన్నప్పుడు అన్నీ ఇత్తడివే. ఇత్తడిలో పులుపు వండితే పచ్చగా కిలుం పడుతుంది. తింటే వాంతులు. అందుకని గిన్నెను కొలిమి మీద కాల్చి, లోపల తగరం కరిగించి, దూదితో నున్నగా పూసేవారు. ఆ పూతనే కళాయి అంటారు. అది అరిగిపోగానే మళ్లీ వేయించుకోవాలి. ఇంతవరకు అర్థమైందా? అయితే కథలోకి వద్దాం.

సోమరాజుపేట కళాయి వీధిలో, చేతిలో మంచి పనితనం ఉన్నా నోట్లో మంచి మాట లేని కోటిలింగం అనే మనిషి ఉండేవాడు.

ఆ వీధిలో పదకొండు కొలుములు ఉండేవి. పదకొండు ఇళ్లకూ అదే అన్నం. వీధి మొదట్లో కోటిలింగం కొట్టు. దానికి ఎదురుగా మస్తాన్ కొట్టు. మస్తాన్ నెమ్మదస్తుడు. చెప్పిన రోజుకు గిన్నె ఇచ్చేవాడు. అతనికి చూపు ఆనని తల్లి, కొలిమి తిత్తి ఊదే భార్య, ముగ్గురు పిల్లలు. కళాయి తప్ప మరో పని రాదు.

కోటిలింగం సంగతి వేరు. గిన్నె తీసుకునేటప్పుడు "రేపే ఇస్తాను" అనేవాడు. రేపు వెళితే "ఎల్లుండి" అనేవాడు. ఎల్లుండి వెళితే, "గిన్నె నీదే కావచ్చమ్మా, కొలిమి నాది. నాకు వీలైనప్పుడే అవుతుంది" అనేవాడు. ఆడవాళ్లు ఎండలో నిలబడి నిలబడి, ఏమీ అనలేక వెళ్లిపోయేవారు. గిన్నె అతని దగ్గర ఇరుక్కుపోయింది కదా, మరేం చేస్తారు?

ఒకసారి పక్క వీధి వెంకాయమ్మ తన పెద్ద ఇత్తడి గుండిగ తెచ్చి అతనికి ఇచ్చింది. ఆమె కూతురికి శ్రీమంతం. వియ్యాలవారు వస్తున్నారు. పదిరోజుల ముందే ఇచ్చింది పాపం. అయినా మూడుసార్లు తిరిగింది. చివరికి శ్రీమంతం రేపనగా కోటిలింగం గుండిగను హడావుడిగా కొలిమి మీద పెట్టాడు. సరిగా కాలకుండానే తగరం పూసేశాడు. పైపైన తళతళలాడింది. వెంకాయమ్మ దండం పెట్టినంత పని చేసి తీసుకుపోయింది.

మర్నాడు ఆ గుండిగలోనే ముక్కల పులుసు పెట్టింది. విస్తళ్లలో వడ్డించేసరికి పులుసు పచ్చబారి ఉంది. వియ్యపురాలు ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మొహం చిట్లించింది. విస్తరి పక్కకు జరిపి లేచింది. ఆమె లేస్తే మిగిలినవాళ్లు కూర్చుంటారా? వరుసంతా లేచిపోయింది. కడుపుతో ఉన్న కూతురు వంటింట్లో గోడకు ఆనుకుని ఏడ్చింది.

రెండు రోజులాగి వెంకాయమ్మ గుండిగను చంకన పెట్టుకుని కోటిలింగం కొట్టుకు వచ్చింది. ఆమె కేకలు వేయలేదు, గమనించండి.

"కోటిలింగం, నేను గొడవకు రాలేదు. అడుగున పూత అంటలేదు, ఒకసారి చూడు. మళ్లీ వేసి ఇవ్వు, అంతే" అంది.

కోటిలింగం గుండిగ వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"అంటకపోవడమేమిటి? ఇటుక ముక్కతో బరబరా తోమేసి ఉంటావు."

"ఒక్కసారే వండాను నాయనా. ఇటుకతో తోమనే లేదు."

"అయితే నీ చింతపండుది తప్పు. లేదంటే నీ చేతిది. వంట కుదరకపోతే కళాయివాడి మీద పడతారేమిటి?" అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? వీధి వైపు తిరిగి గొంతు పెంచాడు. "విన్నారా! ఈవిడగారి వియ్యపురాలు అలిగిందట. రేపు నేనే వెళ్లి ఆవిడ గడ్డం పట్టుకుని బతిమాలాలట!"

వీధంతా గొల్లుమంది. తిత్తులు ఊదేవాళ్లు ఊదడం ఆపి మరీ నవ్వారు.

మస్తాన్ నవ్వలేదు. ఎదురు కొట్లోంచి అతనికి గుండిగ లోపల ఇత్తడి పచ్చగా కనిపిస్తూనే ఉంది. తప్పు ఎవరిదో అతనికి తెలుసు. కానీ నోరు విప్పలేదు. 'నాకెందుకు? అక్కడ కాదంటే ఆమె నా దగ్గరికే వస్తుంది' అనుకున్నాడు. నిప్పులు ఎగదోశాడు. పీట తుడిచి ముందుకు జరిపాడు.

వెంకాయమ్మ గుండిగను ఎత్తుకుంది. మస్తాన్ కొట్టు ముందు నుంచే వెళ్లింది. తల తిప్పలేదు. మిగిలిన తొమ్మిది కొట్ల ముందూ తల తిప్పలేదు.

"మస్తాన్ మంచివాడే కదా! అక్కడికి వెళ్లొచ్చుగా అమ్మమ్మా?" అంటావా హర్షా? ఆగు, తొందరపడకు. ఆమె ఎక్కడికి వెళ్లిందో ముందు చూద్దాం.

బజారులో స్టీలు సామాన్ల కొట్టు ఒకటి ఉండేది. నిన్నా మొన్నా వచ్చింది కాదు, అప్పటికే నాలుగేళ్లయింది. ఊళ్లో ఆడవాళ్లు దాన్లోకి వెళ్లేవారు, గిన్నెను వేలితో కొట్టి చూసేవారు. "డొల్ల మోత! ఇందులో అన్నం పెడితే అడుగంటి ఊరుకుంటుంది" అని నవ్వుకుంటూ వచ్చేసేవారు. ఆ రోజు వెంకాయమ్మ అక్కడికి వెళ్లి గుండిగను తూకానికి వేసేసింది. మారుగా స్టీలు గిన్నెలు తీసుకుంది. మర్నాడు మిగిలిన ఇత్తడి కూడా పంపేసింది.

ఆమె కోటిలింగాన్ని ఎవరి దగ్గరా తిట్టలేదు. కుళాయి దగ్గర పక్కింటావిడ, "నీ గుండిగ ఏదమ్మా, కనబడదు?" అని అడిగింది.

"ఇచ్చేశాను వదినా. ప్రాణం హాయిగా ఉంది. ఇంకెవడి కొట్టు ముందూ చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు" అంది వెంకాయమ్మ.

అంతే, ఆ ఒక్క మాటే. ఎండలో నిలబడిన ప్రతి ఆడదీ ఆ మాట తనదే అనుకుంది. నెల తిరిగేసరికి వెంకాయమ్మ వీధిలో నాలుగు ఇళ్లలోకి స్టీలు వచ్చింది. దసరాకు ఇంకో రెండు వీధుల్లో వచ్చింది.

కళాయి వీధిలో మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. "వానలు కదా, అందుకే బేరాల్లేవు" అనుకున్నారు. వానలు వెలిశాయి. బేరాలు రాలేదు. పదకొండు కొలుములు ఏడయ్యాయి. ఏడు నాలుగయ్యాయి. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వినవాడు మొట్టమొదట కొట్టు మూసి వలస పోయాడు.

మస్తాన్ ఇంట్లో రెండు పూటల అన్నం ఒక పూటకు వచ్చింది. అతను కోటిలింగం దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, మనం నలుగురం కలిసి ఇంటింటికీ వెళదాం. జరిగింది తప్పే అని చెప్పుకుందాం. ఈసారికి ఊరికే కళాయి వేసిస్తామందాం. ముందు వెంకాయమ్మ గారింటికి వెళదాం" అన్నాడు.

"నేనా? ఆడవాళ్ల గుమ్మాల ముందు తల వంచడమా? నాలుగు రోజులు స్టీల్లో వండుకుంటే మొహం మొత్తి వాళ్లే పరిగెత్తుకొస్తారు చూడు" అన్నాడు కోటిలింగం.

మస్తాన్ ఒక్కడే వెళ్లాడు. వెంకాయమ్మ అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. ఆ మజ్జిగ స్టీలు గ్లాసులో ఉంది. అతను దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు తాగలేకపోయాడు.

"అమ్మా, ఒక్క గిన్నె ఇవ్వండి. డబ్బు వద్దు. నా పని ఎలా ఉంటుందో మీరే చూడండి" అన్నాడు.

"నీ పనికేం మస్తాన్, ఊరంతా చెబుతారు. కానీ ఇవ్వడానికి ఇంట్లో ఇత్తడి చెంచా కూడా లేదు" అంది ఆమె. మళ్లీ మెల్లగా అంది. "ఆ రోజు నువ్వు ఎదురుగానే ఉన్నావు. గుండిగ లోపల ఎలా ఉందో నీకు కనిపించింది. 'ఇలా తెండమ్మా, నేను చూస్తాను' అని ఒక్క మాట అని ఉంటే నీ కొట్టుకే వచ్చేదాన్ని. నువ్వు అనలేదు. ఇక నాకు అక్కడ పదకొండు కొట్లు కనిపించలేదు నాయనా. ఒక్కటే కనిపించింది."

మస్తాన్ గ్లాసు కింద పెట్టి లేచాడు.

సంక్రాంతి దాకా కూడా అతని కొలిమి నిలవలేదు. అతను ఊరవతల ఇటుక బట్టీలో కూలికి కుదిరాడు. దూదితో తగరాన్ని అద్దంలా పూసే చేతులవి. ఇటుకలు మోసి మోసి పగిలిపోయాయి. పిల్లలు కూడా బడి మానేసి బట్టీకి వెళ్లారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బాగుండదు.

అందరికంటే చివర కోటిలింగం కొట్టు మూతపడింది. అతను చల్లారిన కొలిమి పక్కన కూర్చుని, దారిన పోయే ప్రతివాణ్ణీ పిలిచి, "స్టీలు వచ్చి మా నోట్లో మట్టి కొట్టింది" అని చెప్పేవాడు. మొదట్లో కొందరు ఆగి వినేవారు. తర్వాత ఎవరూ ఆగలేదు. బతికినంత కాలం అతను ఆ మాటే అన్నాడు. మీరే లెక్క కట్టండి. స్టీలు కొట్టు నాలుగేళ్లుగా బజారులోనే ఉంది కదా. ఆ నాలుగేళ్లూ ఎవరూ కొనలేదు కదా. మరి వాళ్లను అటు తోలిందెవరు?

"కోటిలింగం తప్పు చేస్తే మస్తాన్‌కెందుకు శిక్ష?" అని హర్ష మళ్లీ అడుగుతున్నాడు. మంచి ప్రశ్నే. అది న్యాయం కాదు నాయనా. నేను న్యాయమని చెప్పడం లేదు, అలా జరుగుతుందని చెబుతున్నాను. మనసు విరిగిన మనిషి కొట్టు కొట్టుకూ తిరిగి మంచివాణ్ణి వెతుక్కోడు. ఆ దారే మానేస్తాడు. బాగుచేసి ఇమ్మని వచ్చినంతసేపూ వెంకాయమ్మ వాళ్ల మనిషే. నోరు మూసుకుని వెళ్లిపోయిన రోజున ఎవరికీ కాకుండా పోయింది.

అందుకే గుర్తుపెట్టుకోండి: నమ్మి వచ్చిన మనిషిని ఒక్కడు అవమానిస్తే, చూస్తూ ఊరుకున్న వాళ్లందరి అన్నమూ పోతుంది.

ఇక లేస్తాను. చిక్కుడుకాయలు సగమే ఒలిచాను, మిగతావి చేటలోనే ఉన్నాయి.