ఉప్పురాయి నాకనివాళ్ళు

అనగనగా ఒక అడవి ఉండేది. దానికి పెద్దదిక్కు గున్నమ్మ అనే ఏనుగు. ఆమె చెవులు చేటలంత ఉండేవి. కానీ వాటిలో కొండముచ్చు తాత మాట తప్ప ఇంకెవరి మాటా దూరేది కాదు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉండేది. ఎవరికి ఏ జబ్బు చేసినా కొండ కింది ఉప్పురాయిని నాకాలి. కడుపునొప్పికీ అదే మందు, కాలినొప్పికీ అదే మందు!

ఒక వానాకాలం నోటిపుండ్ల జబ్బు వచ్చింది. చుక్కి అనే దుప్పి తన పిల్లను వెంటబెట్టుకుని గున్నమ్మ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, నా బిడ్డ పాలు తాగలేకపోతోంది. ఏం చేయమంటావు?"

గున్నమ్మ కొండముచ్చు తాత వైపు చూసింది.

"ఇందులో ఆలోచించేదేముంది? ఉప్పురాయి నాకించాలి. జబ్బు లేనివాళ్ళు కూడా నాకితే మరీ మంచిది" అన్నాడు తాత.

గున్నమ్మ అలాగే ఆజ్ఞ వేసింది. అడవంతా రాయి ముందు బారులు తీరింది. జబ్బు తగ్గలేదు సరికదా, ఇంకా పాకింది.

"వీళ్ళు సరిగ్గా నాకడం లేదు" అని తాత విసుక్కున్నాడు.

ఒకరోజు ఒక గోరువంక వచ్చి గున్నమ్మ వీపు మీద వాలింది. దుప్పుల ఒంటి మీది పురుగులు ఏరుకుంటూ అడవంతా తిరిగే పిట్ట అది.

"అమ్మా, ఏరు అవతలి దుప్పులకు పుండ్లే లేవు, తెలుసా?" అంది.

గున్నమ్మ చెవులు ఆడించడం ఆపేసింది. "ఎందుకు లేవు? వాళ్ళు తినే గడ్డి వేరా?"

"అదే గడ్డి."

"తాగే నీళ్ళు?"

"అదే ఏరు."

"మరి ఉప్పురాయి?"

"ఏరు పొంగింది కదమ్మా. వాళ్ళు రాయి దాకా రాలేకపోయారు."

గున్నమ్మకు అప్పుడు తట్టింది. జబ్బువాళ్ళ చొంగ అంటిన రాయినే బాగున్నవాళ్ళ చేత కూడా నాకించింది తను!

"అయితే అంతా రాయివల్లేనా?"

"అంత గట్టిగా చెప్పలేనమ్మా. నేను చూసింది ఒక్క చోటే" అంది గోరువంక.

తాత కొమ్మ మీంచి గదమాయించాడు. "ఇచ్చిన ఆజ్ఞ వెనక్కి తీసుకుంటే నీ పెద్దరికం ఏం కాను?"

"పెద్దరికం సంగతి తర్వాత, తాతా. ముందు నాకు తెలియాలి" అంది గున్నమ్మ. ఆమెకు నిజంగానే తెలుసుకోవాలని ఆత్రంగా ఉంది.

అడవిదున్నల దగ్గరికీ పందుల దగ్గరికీ వెళ్ళి, "కొన్నాళ్ళు రాయి జోలికి పోకండి, ఏమవుతుందో చూద్దాం" అని బతిమాలింది. దున్నలు సరేనన్నాయి. పందులు మాత్రం "మా మూతి, మా ఇష్టం" అని రాయి దగ్గరికే పోయాయి. వానలు తగ్గేసరికి దున్నల మందలో కొత్తగా ఎవరికీ పుండు రాలేదు. పందుల మూతులన్నీ పుండ్లే.

గున్నమ్మ అందరినీ పిలిచింది. ఉప్పురాయికి అడ్డంగా ఒక పెద్ద మాను పడేసింది.

"జబ్బును పాకించింది నా ఆజ్ఞే. ఇక ఎవరూ దీన్ని నాకొద్దు" అంది.

అప్పుడు చుక్కి ముందుకొచ్చింది. పక్కన పిల్ల లేదు.

"ఈ సంగతి ముందే ఎందుకు కనుక్కోలేదమ్మా?" అని అడిగింది.

"కనుక్కోవాలని తోచలేదు తల్లీ" అంది గున్నమ్మ.

చుక్కి ఒంటరిగా వెనక్కి వెళ్ళిపోయింది. గున్నమ్మ అటే చూస్తూ ఏడ్చింది.

నీతి: పదిమంది ఆరోగ్యం కోసం ఆజ్ఞ వేసేవాళ్ళు, అది మేలు చేస్తుందో కీడు చేస్తుందో ముందే విచారించి, చూసి తేల్చుకోవాలి.