పేర్రాజు గారి నవ్వు

సోమశేఖరం మాస్టారికి ఒక అలవాటు ఉంది. ఎవరైనా సూటిగా ప్రశ్న వేస్తే సూటిగా జవాబు చెప్పరు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ, తాను చిత్తుగా భంగపడ్డ సందర్భం ఒకటి చెబుతారు. ఇరవై రెండేళ్లు ఎన్నికల వ్యూహకర్తగా బతికిన మనిషికి అలాంటి సందర్భాలకు కరువేముంది? రాజమండ్రిలో ఆయన మేడమీద గదిలో మేం ఎనిమిదిమందిమి ఈ విద్య నేర్చుకుంటున్నాం. గెలుపు కథలు విందామని చేరినవాళ్లం కనక మొదట్లో మాకు కొంచెం ఆశాభంగమే అయింది.

ఒకరోజు ప్రమీల అడిగింది. ఆమెకు అప్పుడే తొలి అవకాశం వచ్చింది. అభ్యర్థి పదిమందిలో నోరు విప్పలేని మనిషి. ఆయనకు మాటలు నేర్పడానికి సోమవారం నుంచి ఒక టీవీ యాంకరును కూడా కుదిర్చిపెట్టింది.

"మాస్టారూ, అభ్యర్థిని ఎంతవరకు మార్చవచ్చు?"

మాస్టారు కళ్లజోడు తీశారు.

అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లట. మందుల కంపెనీ ఉద్యోగం వదిలేసి, ఢిల్లీలో ఏదో ఆరునెలల కోర్సు చేసి వచ్చారు. కోనసీమలో పేర్రాజు అనే కొబ్బరి వ్యాపారి జడ్పీటీసీకి నిలబడితే, ఆయన అల్లుడు ఈయన్ని పిలిపించాడు. అదే తొలి ఎన్నిక. ఓడితే మళ్లీ మందుల సంచీ భుజాన వేసుకోవలసిందే. తండ్రి అప్పటికే ఆ సంచీని దులిపి గుమ్మం పక్కన సిద్ధంగా పెట్టారట.

పేర్రాజుకున్న లోపం ఒక్కటే, నోరు. తాగి పడిపోయినవాణ్ణి, కూతుర్ని బడి మాన్పించినవాణ్ణి, కాలవకు నీళ్లు వదలని ఇంజినీరుని ఒకే గొంతుతో, ఒకే భాషలో తిట్టేవాడు. మాస్టారు రెండు రోజులు విని, ముందు ఈ నోటికి తాళం వేయాలని తేల్చారు. నవ్వడం నేర్పారు. చేతులు జోడించడం నేర్పారు. 'అమ్మా, బాగున్నారా?' అన్న మాటను అద్దం ముందు నలభైసార్లు చెప్పించారు. గెలవాలన్న ఆశతో పేర్రాజు అన్నీ నేర్చుకున్నాడు పాపం.

ప్రచారం మొదటిరోజు నరసమ్మ అనే ముసలావిడ వాకిట్లో నిలబడి, చేతులు జోడించి, పళ్లన్నీ కనబడేలా నవ్వి, బాగున్నారా అని అడిగాడు. ముప్పై ఏళ్లుగా 'ఇంకా ఉన్నావేంటే ముసలీ' అని తప్ప ఆవిణ్ణి పలకరించి ఎరగడు. నరసమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది.

"అయ్యబాబోయ్! నీకేటయ్యింది బాబూ?"

నాలుగో రోజునుంచి ఇంటికి పరామర్శలు మొదలయ్యాయి. రోగిని ఒట్టి చేతులతో చూడకూడదు కనక బత్తాయిలు తెచ్చారు, బ్రెడ్డు తెచ్చారు. కొబ్బరి వ్యాపారికి కొబ్బరిబొండాలు కూడా తెచ్చారు. ప్రత్యర్థి సైతం వచ్చి, నుదుటిమీద చెయ్యివేసి చూసి, పెద్దగా నిట్టూర్చి వెళ్లాడు. పదో రోజున మాస్టారు సర్వే చేయిస్తే నూటికి అరవైమంది ఒకటే మాట.

"మంచోడండి. ఆయనకే ఏసేవోళ్లం. కానీ ఒంట్లో బాగోనోణ్ణి ఆ ఆఫీసుల సుట్టూ తిప్పడం పాపం కదండీ? ఈసారికి అవతలోడికి ఏసేసి, ఈయన్ని కాస్త పడుకోనిద్దారని."

అభిమానం కొద్దీ ఓడించబోతున్నారన్నమాట! ఇలాంటి ఓటమికి విరుగుడు ఆ ఢిల్లీ కోర్సులో లేదు. మాస్టారు డాక్టరు చేత 'పేర్రాజు గారు సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నారు' అని సంతకం పెట్టించి, ఐదువేల కరపత్రాలు పంచారు. డాక్టరుతో చెప్పించాల్సివచ్చిందంటే సంగతి బాగా ముదిరిందని ఊళ్లన్నీ ఖాయం చేసుకున్నాయి. అల్లుడు మాస్టారి మొహం చూడడం మానేశాడు.

ప్రచారం ముగిసే సాయంత్రం ఆఖరి సభ. జనం బాగానే వచ్చారు, కడసారి చూపుకు వచ్చినట్టు. మాస్టారు రాసిచ్చిన ఉపన్యాసం పేర్రాజు చదువుతున్నాడు. మధ్యలో మొహం కాస్త బిగుసుకోవడం చూసి, వెనక నిలబడ్డ మాస్టారు మెల్లిగా ఆయన మోచెయ్యి తాకి, "నవ్వండి సార్" అన్నారు.

పేర్రాజు కాగితం నేలకేసి కొట్టాడు. మైకు ఆయన నోటి దగ్గరే ఉంది.

"ఒరేయ్ సన్నాసీ! మూడు వారాల్నుంచి నవ్వీ నవ్వీ నా దవడలు పడిపోయినాయిరా! శివారు పొలాలు ఎండిపోతంటే, నీ మాట ఇని ఆ ఇంజినీరుగాడికి కూడా దణ్ణం ఎట్టేను. నీళ్లొచ్చినాయా? ఏరా, వచ్చినాయా? పక్కకి తప్పుకో, నేను ఆడింటికే ఎల్తన్నాను!"

ముందు వరసలో నరసమ్మ లేచి నిలబడింది. పైట నోటికి అడ్డం పెట్టుకుని, భోరున ఏడ్చేసింది. "మా పేర్రాజే! మడిసి బాగానే ఉన్నాడు తల్లో!" అంది. ఆ వెనక ఈలలు, కేకలు. సగం సభ పేర్రాజు వెంట ఇంజినీరు ఇంటికి నడిచింది. వేదికమీద తానొక్కడే తలొంచుకుని మిగిలానని, జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ తిట్లు తినలేదని మాస్టారు అన్నారు.

మర్నాటికి కాలవకు నీళ్లొచ్చాయి. పేర్రాజు మూడువేల ఓట్లతో గెలిచాడు. అదంతా యువ వ్యూహకర్త పన్నిన నాటకమని ఒక పత్రిక మెచ్చుకుంటూ రాసింది. మాస్టారు కాదనలేదు. ఆయన ఇరవై రెండేళ్ల పేరుప్రతిష్ఠలకు పునాది అదే.

"ఆ తరవాత?" అంది ప్రమీల.

"ఆ తరవాతి ఎన్నికలకి పదకొండుమంది అభ్యర్థులు నన్ను వెతుక్కుంటూ వచ్చారమ్మా, సభలో నన్ను తిట్టడానికి. ముందురోజు రిహార్సల్ కూడా చేసేవారు. పేర్రాజుని మించి తిట్టినవాళ్లున్నారు."

"మరి గెలిచారా?"

మాస్టారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"తిట్టడంలో ఏ లోపమూ లేదు," అన్నారు. "విని ఏడ్చినవాళ్లే ఎవరూ లేరు."