ఖాళీ మాత్రల షీటు

కిడ్నీలో రాయి తీసే రోజున డాక్టర్ సువర్చల మొదట అడిగేది స్కాను కాదు, ఖాళీ అయిన మాత్రల షీటు. శిష్యుడు ఫణీంద్రకు అది నచ్చేది కాదు. టేబుల్ మీద ఎలాగూ యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇస్తాం, జ్వరం కూడా లేని మనిషి వారం రోజులూ మాత్రలు మింగిందా లేదా అని సోదా చెయ్యడం పోలీసు పని కాదా మేడమ్, అని ఒక ఉదయం అడిగాడు. ఆవిడ వార్డులోకి నడిచింది. కిటికీ అవతల కొండను మంచు మింగేసింది. వార్డు మొత్తం నీళ్లలో మునిగి, నిదానంగా ఊపిరి తీస్తున్నట్టుంది.

ఆ రోజు వంతు బస్సు కండక్టర్ పైడిరత్నానిది. దారిలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేక, పదకొండేళ్లుగా డ్యూటీలో నీళ్లు తాగడం మానేసిన మనిషి. ఆమె మూత్రంలో క్రిములున్నాయని పరీక్షలో తేలింది. వాటిని చంపకుండా రాయి పగలగొడితే అవి రక్తంలోకి పాకుతాయి, ప్రాణం మీదికొస్తుంది. అందుకే ముందుగా పద్నాలుగు మాత్రలు. రత్నం సంచిలోంచి షీటు తీసి చూపించింది. పద్నాలుగు గుంటలూ ఖాళీ. ఫణీంద్ర గురువు వైపు చూసి నవ్వాడు.

సువర్చల షీటు పక్కన పెట్టి మంచం మీద కూర్చుంది. ఈ వారం ఇంట్లో ఇంకెవరికి బాగోలేదని అడిగింది.

రత్నం మంచులోకి చూస్తూ, కలలో మాట్లాడినట్టు చెప్పింది.

“మా ఆయనకి గొంతు నెప్పమ్మా. నాకు మంట మూడోరోజుకే తగ్గిపోనాది. మిగతావి ఆయనకిచ్చీసినాను.”

ఆపరేషన్ ఆగింది. మళ్లీ పరీక్ష, మళ్లీ మాత్రలు. గుమ్మంలో నిలబడ్డ భర్త సింహాద్రి గునిశాడు. దీనికి మళ్లీ సెలవెవరిస్తారు, మనిషి బాగానే ఉంది కదా, ఇవాళే కానిచ్చెయ్యమన్నాడు.

“నీ గొంతెలా ఉంది?” అంది సువర్చల.

“బాగుందండి.”

“బాగుండక? ఆవిడ కిడ్నీకి రాసింది నువ్వు మింగావు.”

రత్నం కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సువర్చల ఆమె సెలవుకు ఉత్తరం రాసిచ్చి, దగ్గరుండి ఒక గ్లాసు నీళ్లు తాగించింది.

ఫణీంద్ర షీటును వెలుతురుకు పట్టి చూశాడు. పద్నాలుగు గుంటల్లోంచీ మంచే కనిపించింది. షీటు ఖాళీగానే ఉంది కదా మేడమ్ అన్నాడు, తనలో తాను అనుకుంటున్నట్టు.

“మందుల చీటీ మీద ఆవిడ పేరే రాస్తాం ఫణీంద్రా,” అంది సువర్చల. “ఇంటికెళ్లాక దాన్ని ఎవరు ఎలా చదువుతారో, చీటీకేం తెలుసు?”