ఇరవయ్యో మనిషి

శనివారం సాయంత్రం ఐదు గంటలు. ఎండ ఇంకా దిగలేదు, గాలి ఆడడం లేదు. మందిరం అరుగు మీద కూర్చుని వేదమణి అమ్మగారు మర్నాటి ఈస్టరుకు సున్నం కలుపుతున్నారు. ఆవిడ బైబిలు స్త్రీగా మా పేటకు వచ్చి నలభై ఏళ్ళు. ఇంటింటికీ తిరిగి మాకు వాక్యం నేర్పింది ఆవిడే. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని ఇస్తారు. ఆ సంగతి తెలిసే అడిగాను.

ఇరవై రెండేళ్ళ కిందట కాలవలో బాప్తిస్మం తీసుకున్నాను. సాక్ష్యం చెప్పమంటే ఆ తేదీ తడుముకోకుండా చెబుతాను, బైబిలు అట్ట లోపల రాసుకున్నాను కూడా. తిరిగి జన్మించానని ఆ రోజు అందరూ పాడారు. ఆ మాటే నన్ను కొన్నాళ్ళుగా నిద్రపోనివ్వడం లేదు.

“అమ్మగారూ, కుక్క మొరిగితే ఇప్పటికీ గడియ వేసుకుంటాను. అదే పాత దీనమ్మను. మరి ఆ రోజు కాలవలోంచి లేచిందెవరు?”

ఆవిడ సున్నం కలిపే కర్ర నా చేతికిచ్చారు. ఉండలు కట్టనివ్వొద్దని, రేపు ఆ బకెట్టు నన్నే మొయ్యమని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు.

ఎక్కడికి మొయ్యాలో చెప్పాలి. మా సమాధుల దొడ్డి ఊరికి తూర్పున, డొంక దారి చివర ఉంది. ఈస్టరు తెల్లవారుజామున పాడుకుంటూ వెళ్ళి, సమాధులకు సున్నం వేసి, ప్రార్థన చేసుకుని రావడం తాతల నాటి ఆచారం. నాలుగేళ్ళ కిందట ఆ డొంకకు రెండు పక్కలా రొయ్యల చెరువులు తవ్వారు. డొంక కాస్తా చెరువు గట్టయింది. గట్టుకు గేటు వచ్చింది. మా అర్జీలు ఇప్పటికీ ఆఫీసుల్లో తిరుగుతూనే ఉన్నాయి. కిందటేడు దారి అడగడానికి వెళ్ళిన మా ఆయన ఇస్రాయేలు భుజం ఎముక విరిగి ఇంటికొచ్చాడు.

అప్పటినుంచి నాకు లెక్కపెట్టే జబ్బు పట్టుకుంది. పొద్దు వాలితే చాలు, ఎవరు ఇల్లు చేరారు, ఎవరు చేరలేదు. ఒకటి నేను, రెండు ఆయన, మూడు మా అమ్మాయి కెజియ. ముగ్గురం సరిపోతే గడియ. పక్కింటి లెక్క నాది కాదు.

మూడు ఈస్టర్లు మేము రోడ్డు మలుపులోనే నిలబడి, దొడ్డి వైపు తిరిగి పాడి వచ్చేశాం. ఈసారీ అలాగే చేద్దామని, ఇక్కణ్ణించి పాడినా దేవుడు వింటాడని మా కుర్ర పాస్టరు గారు అన్నారు.

“దేవుడు వింటాడు బాబూ,” అన్నారు అమ్మగారు. “చెరువువాళ్ళు వినొద్దూ?”

ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి మలుపు దగ్గర కలిశాం. చెరువుల మీద పల్చగా పొగమంచు ఉంది. కెజియను ఇంట్లోనే ఉండమని రెండుసార్లు చెప్పాను. మరి నువ్వెందుకు వస్తున్నావని అది అడిగింది. బకెట్టు నాకిచ్చారు కదే అన్నాను. అది నవ్వి నా ముందు నడిచింది. నాకు నవ్వు రాలేదు. మలుపులో లెక్కపెట్టాను. ఒకటి నేను, రెండు ఆయన, మూడు కెజియ. ఆ తర్వాత మిగతావాళ్ళు. మొత్తం ఇరవై మందిమి.

గేటు దగ్గర నాగులు, ఇంకో ఇద్దరు కాపలావాళ్ళు ఉన్నారు. కిందటేడు ఆయన భుజం మీద పడిన కర్ర నాగులుదే. ఈసారీ అదే కర్ర పట్టుకున్నాడు. అతను అరవలేదు. చచ్చినవాళ్ళ కోసం బతికున్నవాళ్ళు దెబ్బలు తినడం ఏం తెలివని, ఈ వయసులో నీకెందుకు మామ్మా అని నెమ్మదిగానే అడిగాడు.

“చచ్చినవాళ్ళ కోసం కాదు నాయనా,” అన్నారు అమ్మగారు. “లేచినవాడి కోసం.”

గేటు తియ్యమని ఆవిడ అడగలేదు. పక్కన కంచె వంగినచోట చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, డెబ్బై ఆరేళ్ళ మనిషి, అవతలికి అడుగేశారు. వెనకే మేము. పాట తెగలేదు. కాపలావాళ్ళలో ఒకడు మా పెట్రోమాక్సు దీపాన్ని లాగి చెరువులో పడేశాడు. నాగులు కర్రతో నా బకెట్టును తోశాడు. సగం సున్నం నా కాళ్ళ మీద పోయింది. మామూలుగా అయితే బకెట్టు అక్కడే వదిలి పరుగెత్తేదాన్ని. ఎందుకో గట్టిగా పట్టుకున్నాను.

దొడ్డిలో చాలా సమాధులు కుంగిపోయాయి. ఉప్పు నీరు ఊరడంతో వాటి గోడలు పెచ్చులు లేచాయి. నా పెద్దవాడు అక్కడే ఉన్నాడు, మూడో ఏట జ్వరంతో పోయాడు. వాడి సమాధి నా మోకాలి ఎత్తు ఉండేది, ఇప్పుడు జానెడు. మిగిలిన సగం సున్నంతోనే అందరికీ తలా ఒక పూత వేశాం. పాస్టరు గారు వాక్యం చదువుతుంటే తెల్లవారింది.

చెరువుల ఓనరుకు ఫోను చేశామని, మనుషులతో వస్తున్నాడని నాగులు దూరం నుంచి కేకేశాడు. ప్రార్థన ముగించి గబగబా గట్టు దిగాం. ఆ తొందరలో ఎవరు ముందో ఎవరు వెనకో చూసుకోలేదు. రోడ్డు మలుపుకు రాగానే బకెట్టు కింద పెట్టి లెక్కపెట్టాను. ఆయన, కెజియ, అమ్మగారు, పాస్టరు గారు. అందరూ అయ్యారు. పంతొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టాను. పంతొమ్మిదే.

నా వాళ్ళిద్దరూ నా ఎదుటే ఉన్నారు. ఇంటికి పోయి గడియ వేసుకోవచ్చు. ఇరవయ్యో మనిషి ఎవరో కూడా నాకు తోచలేదు, ఆడో మగో తెలియదు. కంచె దగ్గర పడిపోయారేమో, చెరువులో జారారేమో. ఎవరికీ చెప్పలేదు. వెనక్కి తిరిగి గేటు వైపు నడిచాను. ఆయన పిలవడం వినిపించింది. ఆగలేదు.

“మా మనిషి ఒకరు లోపలున్నారు. పంపు,” అన్నాను.

ఎవరని నాగులు అడిగాడు. పేరు తెలీదన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. లోపల ఎవరూ లేరు, ఓనరు వచ్చేలోగా పొమ్మన్నాడు. కర్ర ఎత్తాడు. ఆ కర్రను నేను రోజూ కలలో చూస్తున్నాను. పగటి వెలుగులో చూస్తే అది చెరువు లోతు చూసే వెదురు కర్ర, అంతే.

“కొడితే కొట్టు. మనిషిని తీసుకునే పోతాను.”

నాగులు కర్ర దించాడు. గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళను లెక్కపెట్టడమే తన పని అన్నాడు. ఇరవై మంది లోపలికి పోయారట. ఇరవై మందీ బయటికి వచ్చారట, తను చూస్తూ ఉన్నాడట.

“పంతొమ్మిదే వచ్చారు,” అన్నాను.

“ఇరవై అమ్మా. అందరి కంటే వెనక ఆ సున్నం కాళ్ళామె వచ్చింది.”

సున్నం కాళ్ళామె ఎవరని అడగబోయి కిందికి చూశాను. చీలమండల దాకా తెల్లగా, ఆరి పగుళ్ళిచ్చిన నా కాళ్ళు.

మిగతా కాపలావాళ్ళు నవ్వారు. ఏరు దాటి తమను తాము లెక్కపెట్టుకోని తెలివితక్కువవాళ్ళ కథ ఉంది కదా, ఇదిగో వాళ్ళ అప్పచెల్లెలు అన్నాడు ఒకడు. నాగులు నవ్వలేదు. గేటు గొళ్ళెం తీసి, మళ్ళీ వేసి, నా మొహం చూడకుండా పక్కకు తప్పుకున్నాడు.

అప్పటికి అమ్మగారు ఆయాసపడుతూ నా వెనక వచ్చి నిలబడి ఉన్నారు. ఎంతసేపయిందో, అంతా విన్నట్టున్నారు. మేమిద్దరం రోడ్డు వైపు నడిచాం. రేపు మళ్ళీ ఈ గేటు మూసే ఉంటుందని నాకు తెలుసు. వచ్చే ఈస్టరుకు కంచె వంగి ఉండదని కూడా తెలుసు. సిగ్గుపడుతూ, నన్ను నేనే పోగొట్టుకున్నాను అమ్మగారూ అన్నాను.

ఆవిడ ఆగి, కుచ్చెళ్ళకు పట్టిన బురద దులుపుకున్నారు.

“పోయినామెను వెతక్కు దీనమ్మా. వెతకడానికి వెళ్ళినామెను ఇంటికి తీసుకుపో.”

పేట మొదట్లో నిలబడి, ఒక్కొక్కరూ ఎవరి గుమ్మం వాళ్ళు ఎక్కేదాకా చూశాను. పాస్టరు గారు. అమ్మగారు. పక్కింటివాళ్ళు నలుగురు. అలా అందరూ. ఆయన. కెజియ.

చివర్న నేను. ఇరవై.