ముప్పయ్యేడు చుక్కల ముగ్గు

పుట్టినరోజు ముందునాడు పినాకపురం రాజు రుద్రకేతుకి ఓ సరదా పుట్టింది.

"రేపటితో మాకు ముప్పయ్యేడేళ్లు నిండుతాయి. సభామండపంలో ముప్పయ్యేడు చుక్కల ముగ్గు పడాలి. ఒక్క చుక్క తగ్గకూడదు, ఒక్కటి పెరగకూడదు. మండపానికి ఆరు వైపులా ఉన్న ఆరు గుమ్మాల్లో ఏ గుమ్మంలో నిలబడి చూసినా ఒకేలా కనిపించాలి!"

అందరూ గోడవార కూర్చున్న చెంగమ్మ వైపు చూశారు. యాభై ఏళ్లుగా ఆ మండపంలో రోజూ పొద్దున్నే ముగ్గు పెట్టేది ఆమే.

చెంగమ్మ నోరు తెరిచేలోపే ఆస్థాన గణకుడు త్రిలోచన శర్మ లేచాడు. ఆ మండపంలో నల్లరాళ్లు పరిపించి, వాటి మీద తన లెక్కల చక్రాలు చెక్కించి, కింద తన పేరు వేయించుకోవాలని ఆయనకు ఎన్నాళ్లుగానో ఆశ.

"అది అయ్యే పని కాదు ప్రభూ," అంటూ చింతగింజలు తెప్పించాడు. ముప్పయ్యేడు లెక్కపెట్టి, వరుసకు రెండేసి పేర్చాడు. ఒకటి మిగిలింది. మూడేసి పేర్చాడు. ఒకటి మిగిలింది. నాలుగేసి పేర్చినా ఒకటే. అయిదేసి అయితే రెండు. ఆరేసి పేర్చితే మళ్లీ ఒకటి.

"ఇక ముందుకు పోనక్కర్లేదు. వరుసకు ఏడో, ఆ పైనో పెడితే వరుసలు అయిదుకు మించవు. అయిదు వరకూ ఇప్పటికే చూసేశాం. ముప్పయ్యేడు ప్రధాన సంఖ్య ప్రభూ! ఒకటీ, తానూ తప్ప మరే సంఖ్యా దాన్ని మిగులు లేకుండా భాగించదు. వరుసలే సమానంగా రానప్పుడు అన్ని గుమ్మాల్లోంచీ ఒకేలా ఎలా కనిపిస్తుంది? పైగా ఈ ముసలమ్మకి మతిమరుపు. మొన్న నన్ను మా తాతగారి పేరుతో పిలిచింది! ముగ్గు మానిపించి రాళ్లు పరిపించండి. రాయి మరిచిపోదు."

సభ గొల్లుమంది. చెంగమ్మ గుండె కలుక్కుమంది. అబద్ధమైతే అక్కడే దులిపేసేది. కానీ ఈ మధ్య పేర్లు నోటిదాకా వచ్చి జారిపోతున్న మాట నిజమే.

"ఏమంటావు అవ్వా?" అన్నాడు రాజు. "రేపు పెట్టలేకపోతే పంతులుగారి రాళ్లే ఖాయం."

"రేపటిదాకా ఎందుకు దొరా? అప్పటికి గుర్తుంటుందో లేదో, ఇప్పుడే పెట్టేస్తాను."

ముగ్గు గిన్నెతో మండపం మధ్య కూర్చుంది. ముప్పయ్యేడుకి ఏ ముగ్గు? ఎంత తడుముకున్నా మనసుకి తట్టలేదు. ఏమైతే అదయిందని చిటికెడు పిండి పట్టుకుంది. అంతే, మనసు మరిచింది వేళ్లకి తట్టింది. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టి దిద్దిస్తూ చెప్పిన మాట నోట్లో ఆడింది:

"ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క."

మధ్యన ఏడు పెట్టింది. పైన, రెండేసి చుక్కల సందుల్లో ఒక్కోటి చొప్పున ఆరు. ఆ పైన అయిదు, నాలుగు. కింద కూడా అలాగే.

శర్మ పకపకా నవ్వాడు. "ఏడు, ఆరు, అయిదు, నాలుగా! ఒక వరుసకీ మరో వరుసకీ పొంతన ఉందా? ఇంతకీ ముప్పయ్యేడుని ఏ సంఖ్యతో భాగించావమ్మా?"

చెంగమ్మ చేతులు దులుపుకుంది.

"భాగించమని దొరగారు అడగలేదే పంతులుగారూ! పెట్టమన్నారు, పెట్టాను."

రాజు గద్దె దిగి గుమ్మం గుమ్మానికీ వెళ్లి చూశాడు. నాలుగు, అయిదు, ఆరు, ఏడు, ఆరు, అయిదు, నాలుగు. ఆరు గుమ్మాల్లోంచీ అదే వరస!

శర్మ మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టాడు. ముప్పయ్యేడు. మళ్లీ లెక్కపెట్టాడు. ముప్పయ్యేడే.

"గుడ్డిదెబ్బ ప్రభూ! అరవై ఒకటి పెట్టమనండి చూద్దాం. అదీ ప్రధాన సంఖ్యే!"

"తొమ్మిది చుక్కలు, అయిదు వచ్చేదాకా," అంది చెంగమ్మ తల ఎత్తకుండానే. "పంతొమ్మిది కావాలా? అయిదు చుక్కలు, మూడు వచ్చేదాకా."

శర్మ వేళ్లు మడిచి కూడుకున్నాడు. రెండూ సరిపోయాయి.

"ఏం కావాలో కోరుకో అవ్వా!" అన్నాడు రాజు.

"రాళ్లు వద్దు దొరా. రాళ్లేస్తే నాకు రోజూ గుర్తుచేసుకునే పని ఉండదు. ఖాళీగా ఉంటే ఈ చెయ్యి కూడా మరిచిపోతుంది."

రాజు తన చేతి కడియం తీసి ఆ చేతికే తొడిగాడు. "నువ్వున్నన్నాళ్లూ మండపం నీది. సందు చుక్కల లెక్క ఒంటబట్టేదాకా పంతులుగారు రోజూ నీ ముగ్గు గిన్నె పట్టుకుంటారు."

చెంగమ్మ గిన్నె అందించి, శర్మ మొహంలోకి అమాయకంగా చూసింది.

"జాగ్రత్తగా పట్టుకో నాయనా... ఇంతకీ నీ పేరేమన్నావు?"

రాజుతో సహా సభంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నిజానికి ఈసారి చెంగమ్మకి ఆ పేరు బాగానే గుర్తుంది.