అందరి తర్వాత లోపలికి వచ్చిన సూరసాని

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. రాజులు మాటిమాటికీ కొట్టుకునే కాలం అది. వాళ్ళ దండు నడిచే దారిలో ఏ ఊరు ఉంటే ఆ ఊరిని దోచుకునేది. కాళ్ళు ఆడించకుండా విను, బంగారూ.

ఆ ఊరి నాయకుడు మారయ్య ఒక కోట ఇల్లు కట్టించాడు. చుట్టూ ఎత్తైన మట్టిగోడ, మూలకో బురుజు, లోపల ఇల్లు, బావి. ఏటా ఎండాకాలంలో ఊరివాళ్ళు వచ్చి, మట్టి తొక్కి, గోడకి కొత్త పూత పూసేవాళ్ళు. లేకపోతే వానకి గోడ కరిగిపోదూ? అందుకు బదులుగా, దండు వస్తే ఊరంతా లోపల తలదాచుకోవచ్చు. అదీ ఒప్పుకున్న మాట.

ఒకసారి దండు వచ్చింది. అప్పుడు ఊరంతా పిల్లలతో, కుండలతో, మేకలతో లోపలికి చేరింది. గోడ ఎక్కలేక దండు వెళ్ళిపోయింది. ఆ తర్వాత మారయ్య తన వాకిలంతా మేక పెంటికలు చూసి ముక్కు మూసుకున్నాడు.

రెండోసారి దండు వచ్చినప్పుడు, "మనుషులు రండి, మేకలు వద్దు" అన్నాడు. మేకల్ని దండు తోలుకుపోయింది. ముసలి మల్లికి తప్పించుకున్న ఒక్క మేకే మిగిలింది.

మూడోసారి దూరాన దుమ్ము లేచింది. "ఈసారి ఎవరూ వద్దు. బావి నీళ్ళు మనకే చాలవు" అని మారయ్య తలుపులు వేయించబోయాడు.

అప్పుడు ఆయన భార్య సూరసాని గబగబా బయటికి వెళ్ళి, ఊరి ఆడవాళ్ళ మధ్య నిలబడింది.

"లోపలికి రా సూరమ్మా, దండు వస్తోంది."

"వీళ్ళంతా వచ్చాక వస్తాను. ముందు మల్లి మేక."

"గోడ నాది. ఎవరు రావాలో నేను చెప్తాను."

"మీదా? మీ కాళ్ళకి ఎప్పుడైనా ఆ బురద అంటిందా?"

దుమ్ము ఏటి దాకా వచ్చేసింది. మారయ్యే తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు. ముందు మేక వచ్చింది. ఆ తర్వాత పిల్లలు, ఆ తర్వాత ఊరంతా. అందరి వెనకా సూరసాని వచ్చింది. తలుపు పడింది. దండు గోడ చుట్టూ తిరిగి, విసిగి, పోయింది.

మరుసటి ఎండాకాలం మారయ్య పంచె ఎగ్గట్టి, మునివేళ్ళ మీద మట్టిలో దిగాడు. "అయ్యా, మట్టి తొక్కుతున్నారా, నిప్పులు తొక్కుతున్నారా?" అని మల్లి నవ్వింది. ఆయన ఇంకా గట్టిగా తొక్కాడు. అప్పటినుంచి దండు వస్తే ఆ ఇంటివాళ్ళే అందరికంటే చివర లోపలికి వచ్చేవాళ్ళు.

నువ్వూ పెద్దయ్యాక ఇల్లు కట్టుకుంటావు. ఆ గోడలు లేపిన వాళ్ళని గుమ్మం బయట నిలబెట్టావంటే నేను ఊరుకోను, తెలిసిందా? ఊఁ, ఇలా దగ్గరికి రా.

కథ వెళ్ళె కంచికి,
నిదురొచ్చె మన మంచానికి.